పల్చని గాలిలో నడక

మా బడిలో చదువుకున్న కుర్రాడొకడు పట్టాళంలో చేరాడు. ఉద్దానంలో ఇదేమీ వింత కాదు. వీధికొక్కరైనా సైన్యంలో ఉన్న ఊళ్ళు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు అతను నన్ను చూడడానికి బడికి వచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబెట్టి, "లడఖ్‌లో నీ మొదటి వారం ఎలా గడిచిందో వీళ్ళకు చెప్పు" అన్నాను.

"ఏటీ సెయ్యనివ్వలేదు మాస్టారూ! ఆర్రోజులు తిని కూకోమన్నారు" అన్నాడు.

పిల్లలు ఘొల్లున నవ్వారు. అతనూ నవ్వి, "నేనూ మీలాగే నవ్వుకున్నాను. కానీ దిగిన రోజున ఇరవై మెట్లు ఎక్కేసరికి గుండె దడదడలాడింది. అప్పుడే ముసలోణ్ణయిపోయానా అనుకున్నాను" అన్నాడు.

భావనపాడు ఇసకలో తెల్లవారుజామున మైళ్ళకు మైళ్ళు పరుగెత్తి సైన్యంలో చోటు సంపాదించిన కుర్రాడతను. ఇసకలో పరుగంటే ఎంత కష్టమో మీకు తెలుసు. అలాంటివాడికి ఇరవై మెట్లు ఎక్కితే ఆయాసం ఎందుకు వచ్చింది? యుద్ధం చేయాల్సిన సైనికుణ్ణి ఆరు రోజులు ఊరికే కూర్చోబెట్టడంలో అర్థమేమిటి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. దాన్ని వెతుక్కుంటూ మనం కూడా కొంచెం కొండ ఎక్కుదాం.

గాలి సముద్రం అడుగున

సంతబొమ్మాళిలో ఉన్న మనకు సముద్రం దగ్గర. నిజానికి మనం మరో సముద్రం అడుగునే బతుకుతున్నాం. అది గాలి సముద్రం. మన తల మీద వందల కిలోమీటర్ల ఎత్తు వరకూ గాలి పరుచుకుని ఉంది. ఆ గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలోగ్రాము బరువు పడుతుంది. అదే వాతావరణ పీడనం. ఆ పీడనం భారమితిలో పాదరసాన్ని 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలబెడుతుంది.

కళ్ళంలో గడ్డి కుప్ప చూసే ఉంటారు. అడుగున ఉన్న గడ్డి పై బరువుకు అణిగి గట్టిగా ఉంటుంది. పైన ఉన్న గడ్డి వదులుగా ఉంటుంది. గాలీ అంతే. అడుగున చిక్కగా, పైకి పోయే కొద్దీ పల్చగా ఉంటుంది.

ఈ సంగతిని మొదట కొండ ఎక్కి చూసినవాడు ఫ్రాన్సు దేశస్థుడు పెరియే. అతని బావమరిది పాస్కల్ గొప్ప శాస్త్రవేత్త. కొండ ఎక్కితే భారమితిలో పాదరసం దిగుతుందేమో చూడమని పాస్కల్ కోరాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే పాదరసం, గాజు గొట్టాలు పట్టుకుని పుయ్ ద డోమ్ అనే కొండ ఎక్కాడు. కింద ఊళ్ళో ఉన్న భారమితి కన్నా కొండ మీది భారమితిలో పాదరసం సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తక్కువగా నిలిచింది.

ఆ కొండ ఎత్తు 1,465 మీటర్లు. మందస అవతల, ఒడిశాలో ఉన్న మన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అంటే శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే యాత్రికులు, తమకు తెలియకుండానే, పెరియే చూసినంత పల్చని గాలిలోకి వెళ్ళి వస్తున్నారన్నమాట! కానీ వాళ్ళకు ఇబ్బందేమీ కలగదు. ఎందుకో ఈ లెక్క చూడండి. సముద్రమట్టం దగ్గరి గాలి పీడనాన్ని 100 అనుకుంటే:

భావనపాడు తీరం, 0 మీటర్లు: 100
మహేంద్రగిరి శిఖరం, 1,501 మీటర్లు: సుమారు 84
లడఖ్‌లోని లేహ్ పట్నం, సుమారు 3,500 మీటర్లు: సుమారు 65
అమరనాథ్ గుహ, సుమారు 3,900 మీటర్లు: సుమారు 62
5,500 మీటర్ల ఎత్తున: సుమారు 50
ఎవరెస్టు శిఖరం, 8,848 మీటర్లు: సుమారు 33

మహేంద్రగిరి మీద తగ్గినంత పీడనాన్ని ఆరోగ్యవంతుడి శరీరం సులువుగా సర్దుకుంటుంది. సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరవాతే చిక్కు మొదలవుతుంది.

పలాస స్టేషనులో రైలు

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "కొండ మీద గాలిలో ప్రాణవాయువు పాలు తక్కువ" అంటారు. అది తప్పు. భావనపాడులోనైనా ఎవరెస్టు మీదనైనా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే. మారేది ఆ పాలు కాదు, గాలి పీడనం. పీడనం తగ్గితే ప్రాణవాయువుకు రక్తంలోకి చొరబడే ఒత్తిడి తగ్గుతుంది.

దీన్ని పలాస రైల్వే స్టేషనుతో పోల్చి చూద్దాం. మన రక్తంలోని ఎర్ర కణాలు రైలు పెట్టెలు. వాటిలోని హీమోగ్లోబిన్ అణువులు బల్లలు. ఒక్కో అణువులో నాలుగు సీట్లుంటాయి. ఊపిరితిత్తులు ప్లాట్‌ఫారం. ప్రాణవాయువు ప్రయాణికులు. రైలు అక్కడ ఆగేది క్షణకాలమే. ప్లాట్‌ఫారం మీద జనం కిటకిటలాడుతుంటే ఆ క్షణంలోనే సీట్లన్నీ నిండిపోతాయి. జనం పల్చగా ఉంటే కొన్ని సీట్లు ఖాళీగానే రైలు కదిలిపోతుంది. పీడనం తగ్గడమంటే ప్లాట్‌ఫారం మీద జనం పల్చబడడమే.

వేలికి తగిలించే ఆక్సీమీటరును కరోనా రోజుల్లో మీరంతా చూశారు. అది చెప్పేది ఈ నిండిన సీట్ల లెక్కే. మన ఊళ్ళో ఆరోగ్యవంతుడికి నూటికి 97 దాకా చూపిస్తుంది. లేహ్‌లో ఆ రోజే దిగినవాడికి 90కి అటూ ఇటూగా చూపించవచ్చు. ఇంకా పైకి పోతే ఇంకా తగ్గుతుంది. మన సైనికుడికి ఇరవై మెట్లకే ఆయాసం వచ్చిందంటే అతని కండలు బలహీనపడి కాదు. ఆ కండలకు చేరాల్సిన రైళ్ళు సగం ఖాళీగా కాకపోయినా, కొన్ని సీట్లు ఖాళీగా చేరుతున్నాయి.

శరీరం చేసుకునే మరమ్మతు

శరీరం చేతులు ముడుచుకు కూర్చోదు. మూడు పనులు మొదలుపెడుతుంది. ఒకటి నిమిషాల్లో, ఒకటి రోజుల్లో, మరొకటి వారాల్లో జరుగుతుంది.

మొదటి పని ఊపిరి. మెడలోని రక్తనాళాల దగ్గర ప్రాణవాయువును కనిపెట్టి చూసే చిన్న కణజాలం ఉంది. ప్రాణవాయువు తగ్గగానే అది మెదడుకు కబురు పంపుతుంది. వెంటనే ఊపిరి వేగంగా, లోతుగా సాగుతుంది. గుండె కూడా వేగం పెంచుతుంది. కూలీలు తగ్గినప్పుడు ఉన్నవాళ్ళే ఎక్కువ తట్టలు మోసినట్టన్నమాట.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్కువగా ఊపిరి వదిలితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు కూడా ఎక్కువగా బయటికి పోతుంది. అప్పుడు రక్తానికి క్షారగుణం పెరుగుతుంది. దాన్ని చూసి మెదడు, "ఇక చాలు, ఊపిరి తగ్గించు" అంటుంది. మెడ పెంచమంటుంది, మెదడు తగ్గించమంటుంది! ఈ తగవులో మొదటి రాత్రులు నిద్ర సరిగా పట్టదు. నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ గబగబా సాగుతుంది. పక్కన పడుకున్నవాళ్ళు హడలిపోతారు.

ఈ తగవు తీర్చే పెద్దమనిషి మూత్రపిండం. ఎక్కువైన క్షారాన్ని అది మూత్రంలోకి పంపిస్తుంది. ఇది రెండో పని. దీనికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఎత్తుకు చేరిన మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువగా రావడం మంచి గుర్తు.

మూడో పని కొత్త ఎర్ర కణాలు. ప్రాణవాయువు తగ్గిందని మూత్రపిండాలే గ్రహించి, ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది ఎముకల మజ్జకు చేరి, ఎర్ర కణాలను ఎక్కువగా తయారు చేయిస్తుంది. రైలుకు కొత్త పెట్టెలు తగిలించడం లాంటిదిది. పెరూ దేశపు కొండల మీద ఎర్ర కణాల సంఖ్య పెరుగుతుందని 1890లో వియో అనే ఫ్రెంచి వైద్యుడు లెక్కపెట్టి చూపించాడు. ఈ పనికి వారాలు పడుతుంది.

సైన్యం మన కుర్రాణ్ణి ఎందుకు కూర్చోబెట్టిందో ఇప్పుడు తెలిసిందా? పైకి అతను ఊరికే కూర్చున్నాడు. లోపల మూత్రపిండాలు పగలూ రాత్రీ పని చేస్తున్నాయి. మన సైన్యపు పద్ధతి ప్రకారం 9,000 అడుగులు దాటిన మొదటి మెట్టులో ఆరు రోజులు. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తరవాత మెల్లగా నడక, చివరికి కొద్దిపాటి ఎక్కుడు. 12,000 అడుగులు దాటితే మరో నాలుగు రోజులు. 15,000 అడుగులు దాటితే ఇంకో నాలుగు రోజులు.

తొందరపడితే ఏమవుతుంది?

1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో ముగ్గురు సాహసులు 'జెనిత్' అనే బెలూనులో ఆకాశంలోకి లేచారు. రెండు గంటల్లోనే 8,000 మీటర్లు దాటారు. పీల్చుకోవడానికి ప్రాణవాయువు నింపిన సంచులు వాళ్ళ నెత్తి మీదే వేలాడుతున్నాయి. కానీ అవసరం వచ్చేసరికి చెయ్యి ఎత్తి అందుకునే శక్తి లేకపోయింది. బెలూను నేలకు దిగేసరికి క్రోచే స్పినెల్లి, సివెల్ అనే ఇద్దరు చనిపోయి ఉన్నారు. తిసాందియే ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆ సమయంలో తనకు బాధ తెలియలేదని, పైగా ఒక విధమైన సంతోషం కలిగిందని అతను తరవాత రాశాడు. గమనించండి! గాలి పల్చబడినప్పుడు మనకు మొదట మోసం చేసేది మన బుద్ధే.

మరి మనుషులు 8,848 మీటర్ల ఎవరెస్టు మీద నిలబడి, కొందరు ప్రాణవాయువు సీసాలు లేకుండా కూడా, తిరిగి ఎలా వస్తున్నారు? తేడా ఎత్తులో లేదు, సమయంలో ఉంది. బెలూను గంటల్లో వెళ్ళింది. కొండ ఎక్కేవాళ్ళు వారాలు తీసుకుంటారు.

మన దేశం ఈ పాఠాన్ని యుద్ధభూమిలో నేర్చుకుంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల నుంచి సైనికులను హడావిడిగా హిమాలయాలకు తరలించాల్సి వచ్చింది. అలవాటు పడే వ్యవధి లేక ఎందరో జబ్బుపడ్డారు. అలా ఎత్తు వల్ల జబ్బుపడిన 1,925 మంది సైనికులను పరీక్షించి ఇందర్ సింగ్, ఆయన తోటి వైద్యులు 1969లో ఒక పరిశోధన ప్రకటించారు. ప్రపంచమంతటా వైద్యులు నేటికీ దాన్ని ప్రస్తావిస్తారు. నేటి సైనికుడు ఆరు రోజులు "తిని కూర్చోవడం" వెనక ఆనాటి సైనికుల కష్టం ఉంది.

మూడు జబ్బులు, ఒక తలనొప్పి

ఎత్తు వల్ల వచ్చే జబ్బులు ముఖ్యంగా మూడు.

మొదటిది మామూలు కొండ జబ్బు. ఎత్తుకు చేరిన కొన్ని గంటలకు తలనొప్పి పట్టుకుంటుంది. దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ప్రాణవాయువు తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. లోపల ఒత్తిడి పెరిగి, సన్నని నాళాల నుంచి ద్రవం వాయుకోశాల్లోకి ఊరుతుంది. కదలకుండా కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ కఫం దీని గుర్తులు.

మూడోది మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, మగతలోకి జారిపోతాడు.

రెండోదీ మూడోదీ ప్రాణం తీసే జబ్బులు. వాటికి మొదటి మందు కిందికి దిగడం. ప్రాణవాయువు సీసా ఉంటే పట్టాలి, వైద్యుడి దగ్గరకు చేర్చాలి. వీటి కోసం ఎదురుచూస్తూ దిగడం మాత్రం ఆపకూడదు. రాత్రయినా సరే, మనిషిని మోసుకొనైనా సరే, దిగాల్సిందే.

ఇవి ఎవరికి వస్తాయి? ఎవరికైనా రావచ్చు. కండలు తిరిగిన యువకుడికి రావని హామీ లేదు. పైగా బలవంతుడే త్వరగా ఎక్కుతాడు కనుక త్వరగా ప్రమాదంలో పడవచ్చు.

నేను నేర్చుకున్న పాఠం

నాలుగేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో మేం ఐదుగురు ఉపాధ్యాయులం లడఖ్‌లోని మార్ఖా లోయలో నడవడానికి వెళ్ళాం. లోయ అంటే పచ్చని చేలుంటాయనుకోకండి. ఇరుపక్కలా బోడి కొండలు, నడుమ చల్లని నది. నది ఒడ్డున మాత్రం బార్లీ మళ్ళు, నాలుగైదు ఇళ్ళ పల్లెలు కనిపిస్తాయి.

దారిలో బండి ఆలస్యమై మాకు రెండు రోజులు పోయాయి. తిరుగు ప్రయాణం టిక్కెట్లు ముందే కొనేశాం. దాంతో లేహ్‌లో మూడు రాత్రులు ఉండాల్సింది ఒక్క రాత్రితో సరిపెట్టాం. మార్ఖా ఊరు సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మధ్యలో హంకర్ దగ్గర ఆగకుండా, ఒక్క రోజులో నిమలింగ్ మైదానానికి చేరాం. అది 4,700 మీటర్లకు పైమాటే. ఒక్క రోజులో తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎక్కామన్నమాట.

మాలో లెక్కల మాస్టారికి మధ్యాహ్నం నుంచే తలనొప్పి. "మీరందరూ నా వల్ల ఆగిపోతారండీ" అని ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలారు. నేను సైన్సు మాస్టారిని. పైన రాసిందంతా పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి. అయినా మొహమాటపడి, ఒక తలనొప్పి బిళ్ళ ఇచ్చి ఊరుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి ఆయన గుడారం తాడు ముడి విప్పుకోలేక తికమకపడుతున్నారు. దారి చూపించే లడఖీ కుర్రాడు అది చూశాడు. నేల మీద కర్రతో ఒక గీత గీసి, "ఈ గీత మీద మడమకు వేలు తాకిస్తూ పది అడుగులు వెయ్యండి" అన్నాడు. మూడో అడుగుకే మాస్టారు పక్కకు తూలిపోయారు. ఆ కుర్రాడు ఇంకొక్క మాట మాట్లాడలేదు. గుర్రానికి జీను వేశాడు. లాంతరు వెలుగులో, గడ్డకట్టే చలిలో, వచ్చిన దారినే హంకర్ వైపు దిగాం. తెల్లవారేసరికి 700 మీటర్లు కిందికి వచ్చాం. మాస్టారు కళ్ళు తెరిచి టీ అడిగారు. ఆ టీ గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి వణికింది. అది చలికి మాత్రమే కాదు.

నాకు తెలియకపోవడం వల్ల ఆ రాత్రి రాలేదు. తెలిసినదాన్ని చెప్పకపోవడం వల్ల వచ్చింది.

లోయలో ఎలా నడవాలి?

ఆ రోజు మేం చేయాల్సిందేమిటో ఇప్పుడు చెబుతాను. నిజానికి లోయ మనిషికి స్నేహితురాలు. శిఖరం నిట్టనిలువుగా ఉంటుంది. లోయ నది వెంట మెల్లమెల్లగా ఎత్తు పెంచుతుంది. మార్ఖా లోయనే చూడండి. చిలింగ్ దగ్గర సుమారు 3,200 మీటర్లు, స్కియు 3,400, మార్ఖా 3,800, హంకర్ 4,000, నిమలింగ్ 4,700, ఆపైన కొంగ్‌మారు కనుమ 5,200 దాకా. మెట్లు కట్టినట్టే ఉంది కదూ! ఒక్కో మెట్టు మీద ఒక్కో రాత్రి నిద్రపోతే శరీరం తన పని తాను చేసుకుంటుంది. హంకర్‌కూ నిమలింగ్‌కూ మధ్య మెట్టు పెద్దది. అందుకే తెలిసినవాళ్ళు నడుమ 4,300 మీటర్ల ప్రాంతంలో ఒక రాత్రి ఆగుతారు.

సూత్రాలు ఇవి:

1. విమానంలో నేరుగా ఎత్తుకు దిగితే మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. ఢిల్లీ నుంచి లేహ్‌కు విమానం గంటన్నర లోపే చేరుస్తుంది. మూత్రపిండాలు అంత వేగంగా చేరలేవు.

2. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి నిద్రపోయే చోటు నిన్నటి రాత్రి చోటు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తుగా ఉండరాదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి.

3. పగలు ఎత్తుకు ఎక్కవచ్చు, రాత్రి దిగి పడుకోవాలి. లెక్కలోకి వచ్చేది నిద్రపోయే చోటి ఎత్తే.

4. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగినంత మెల్లగా నడవాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు.

5. పొడి గాలిలో, వేగమైన ఊపిరిలో ఒంట్లోని నీరు చాలా పోతుంది. దాహం కాకపోయినా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగాలి. మత్తు పానీయాలు, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి. వాటి జోలికి పోరాదు.

6. ఎత్తుకు పోయే కొద్దీ ప్రతి కిలోమీటరుకూ సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా పెరుగుతాయి. ఉన్ని బట్టలు, నల్ల కళ్ళద్దాలు రెండూ కావాలి.

7. తలనొప్పి వస్తే అది కొండ జబ్బేనని అనుకోవాలి. తగ్గేవరకూ ఒక్క అడుగు కూడా పైకి వేయరాదు. ముదిరితే వెంటనే దిగాలి.

అసిటజోలమైడ్ అనే మందు ఒకటి ఉంది. క్షారాన్ని బయటికి పంపడంలో అది మూత్రపిండాలకు తోడ్పడుతుంది. కొందరికి వైద్యులు దాన్ని ముందే వాడమంటారు. వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. వేసుకున్నా పై సూత్రాలు మారవు.

మన పిల్లలు ఎవరెస్టు ఎక్కిన తీరు

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలిచారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోవడానికి వారం రోజుల ముందు సంగతి ఇది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంటే మీ తరగతిలో పక్క బెంచీ మీద కూర్చునే అమ్మాయి వయసు!

వాళ్ళు శిఖరం మీదికి ఒక్క ఉదుటున పోలేదు. మొదట భువనగిరి బండ మీద పట్టు నేర్చుకున్నారు. తరవాత డార్జిలింగులో మంచు మీద శిక్షణ. ఆపైన లడఖ్ చలిలో సాధన. చివరికి టిబెట్టు వైపు నుంచి ఎవరెస్టు యాత్ర 52 రోజులు పట్టింది. ఆ వైపున మూల శిబిరం సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎక్కేవాళ్ళు అక్కడి నుంచి పై శిబిరానికి వెళ్ళి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, ఒంటిని మెట్టుమెట్టుగా అలవాటు చేసుకుంటారు. 8,000 మీటర్లు దాటాక ఎంతకాలం ఉన్నా ఒళ్ళు అలవాటు పడదు, రోజురోజుకూ క్షీణిస్తుంది. అందుకే అక్కడ చాలామంది ప్రాణవాయువు సీసాలు వాడతారు, వీలైనంత త్వరగా దిగిపోతారు.

మన పొరుగున విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు నెల్లూరు జిల్లావాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంతటి నేర్పరి 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం కోల్పోయాడు. కొండను ప్రేమించేవాడు కూడా దాన్ని చిన్నచూపు చూడరాదని ఆయన జీవితం మనకు గుర్తు చేస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

మెడికల్ షాపులో సూది లేని కొత్త సిరంజి ఒకటి కొనండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని, బాగా వేడిగా ఉన్న, మరగని నీటిని దానిలో పావు వంతు పీల్చండి. లోపలి గాలిని బయటికి నెట్టేసి, మూతిని రబ్బరు ముక్కతో గట్టిగా మూయండి. ఇప్పుడు పిస్టను వెనక్కు లాగండి. పొయ్యి లేకుండానే నీళ్ళలో బుడగలు లేస్తాయి! పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. లేహ్‌లో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. కనుక అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. పీడనం పెంచే కుక్కరు ఉండాల్సిందే.

మరో చిన్న పని కూడా ఉంది. మన ఊళ్ళ నుంచి ఏటా ఎందరో పెద్దలు కేదారనాథ్, అమరనాథ్ యాత్రలకు వెళుతున్నారు. రెండూ 3,500 మీటర్లు దాటినవే. మీ తాతగారో, అమ్మమ్మగారో బయలుదేరుతుంటే ముందు వైద్యుడికి చూపించుకోమని చెప్పండి. ఆ తరవాత ఈ మాట కూడా చెప్పండి: "తాతా, అక్కడ తల నొప్పెడితే దాచుకోకు. వెంటనే పక్కవాళ్ళకు చెప్పు. తగ్గకపోతే దర్శనం మళ్ళీ ఏడైనా అవుతుంది, కిందికి దిగిపో."

మన సైనికుడు సెలవు ముగిసి వెళ్ళేటప్పుడు ఒక పిల్లవాడు అడిగాడు: "మళ్ళీ వెళ్ళాక పనిలోకి దిగిపోతావా అన్నా?"

"లేదురా. నెల్లాళ్ళు ఊళ్ళో ఉన్నాను కదా, ఒళ్ళు ఆ అలవాటు మర్చిపోయింది. మళ్ళీ మొదటి నుంచీ ఆర్రోజులు కూకోవాల్సిందే" అన్నాడు.

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు.